ఏడో నంబరు మంచం మీది కుళాయి

మడుగులంక ఏరియా ఆసుపత్రి ప్రసూతి వార్డులో హెడ్ నర్సు దీవెనమ్మకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే, చేతులు కడుక్కోవడానికి ధారగా పడే నీళ్ళు. ఆవిడ బంగారం అడగలేదు, బదిలీ అడగలేదు, ప్రమోషన్ ఊసెత్తడం మానేసి చాలాకాలమైంది. అప్పుడే పుట్టిన బిడ్డను అందుకునే చేతులు శుభ్రంగా ఉండాలని నర్సింగు స్కూల్లో ఎవరో చెప్పారు. ఖర్మ కొద్దీ ఆవిడ ఆ మాట నమ్మేసింది.

మొన్నమొన్నటిదాకా ఆ నీళ్ళకు లోటు లేదు. లేబర్ రూము గోడకు ఒక పాత ఇత్తడి కుళాయి ఉండేది. తిప్పితే కీచుమని అరిచేది, కట్టేసినా కాసేపు కారేది, కానీ నీళ్ళిచ్చేది. ప్రభుత్వాసుపత్రిలో ఒక వస్తువు అన్నేళ్ళపాటు పనిచేస్తూ ఉంటే పైవాళ్ళ కంట్లో పడకుండా ఎలా ఉంటుంది? పడింది.

‘స్పర్శరహిత హస్త ప్రక్షాళన మహోద్యమం’ అని ఒకటి రాజధాని నుంచి ఊడిపడింది. వేళ్ళతో కుళాయి తిప్పడం అనాగరికం, ఇకమీదట మోచేత్తో నెట్టే కుళాయిలే వాడాలి అన్నారు. ఆవరణలో ఎక్కడైనా బకెట్టు, చెంబు, మగ్గు కనిపిస్తే సంబంధిత సిబ్బందిపై కఠిన చర్యలు తప్పవన్నారు. సూపరింటెండెంటు డాక్టర్ భూపతిరాజు గారు స్టాఫునంతా ఎండలో నిలబెట్టి, మోచేతులు ముందుకు చాపించి ప్రతిజ్ఞ చేయించారు. ఫొటోలు తీసి పైకి పంపారు. బకెట్లూ చెంబులూ ఆటో ఎక్కి ఎక్కడికో వెళ్ళిపోయాయి.

మర్నాడే కాంట్రాక్టరు మనుషులు దిగారు. ఇత్తడి కుళాయిని పీకేసి, తెల్లటి బేసిన్ బిగించి, దానిమీద పొడుగాటి పిడి ఉన్న తళతళలాడే కుళాయిని నిలబెట్టారు. దీవెనమ్మ ముచ్చటపడి మోచేత్తో ఒక్క నెట్టు నెట్టింది. ఏమీ రాలేదు. ఇంకోసారి నెట్టింది. అప్పుడు వంగి బేసిన్ కిందికి చూసింది. గోడలోంచి వచ్చిన నీళ్ళ పైపు ఓచోట ఆగిపోయి ఉంది. కుళాయి తోక ఇంకోచోట వేలాడుతోంది. రెంటికీ మధ్య జానెడు ఖాళీ.

“ఏవయ్యా, ఈ రెండూ కలవలేదేంటి?”

“కుళాయి బిగించమన్నారండి, బిగించాం. బేసిన్ పెట్టమన్నారండి, పెట్టాం,” అన్నాడు మేస్త్రీ, పనిముట్లు సంచిలో వేసుకుంటూ. “పైపు పొడిగించమని మా వర్కార్డర్లో లేదండి. ఆయ్, ఉంటామండి మరి.”

దీవెనమ్మ ఇంజనీరింగు విభాగానికి వెళ్ళింది. అసిస్టెంటు ఇంజనీరు పట్టాభి గారు చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, సంగతంతా విన్నాడు.

“అది కారుతోందా సిస్టర్?”

“లేదండి.”

“అయ్యో. కారితే మరమ్మతు కింద రేపే చేసేద్దును. కారని కుళాయికి మరమ్మతు ఏం చెయ్యను చెప్పండి? పొడిగింపు అంటారా, అది మరమ్మతు కాదు, నూతన నిర్మాణం. సర్వే చెయ్యాలి, అంచనా వెయ్యాలి, పరిపాలనామోదం రావాలి. వచ్చే సంవత్సరం ప్రణాళికలో ఒక మాట అనుకుందాం.”

“కారాలంటే ముందు దాన్లోకి నీళ్ళు రావాలి కదండీ?”

“అదే మరి,” అన్నాడాయన, ఎంతో సానుభూతిగా. “మీరెలాగోలా కారేట్టు చూడండి. ఆ తర్వాత నేనున్నాను.”

దీవెనమ్మకు ఒళ్ళు మండింది. సాయంత్రం ఇంటికి పోతూ హార్డువేరు షాపులో ఆగి జానెడు పైపు ఒకటి కొనేసింది. పొద్దున్నే వచ్చి, చీర కొంగు నడుముకు దోపి, బేసిన్ కింద దూరి బిగిస్తూండగా రౌండ్లకు వస్తున్న సూపరింటెండెంటు గారి కళ్ళబడింది.

“సిస్టర్! ఏంటది?”

“పైపు సార్. నేనే కొన్నాను.”

భూపతిరాజు గారి మొహం పాలిపోయింది. “మీరు కొన్నారా? అంటే ప్రైవేటు పైపా? ప్రభుత్వ నీళ్ళు ప్రైవేటు పైపులో పారితే దాన్నేమంటారో తెలుసా? ప్రైవేటీకరణ అంటారు! రేపు ఉద్యోగుల సంఘం వాళ్ళు గేటు ముందు టెంటు వేస్తే వచ్చి మీరు సమాధానం చెప్తారా? తియ్యండి, తియ్యండి.”

తీసేసింది. తీస్తూ మనసులో ఆయన్ని అన్న మాటలు ఇక్కడ రాయడం కుదరదు, ఆవిడ ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి.

ఆ రోజు నుంచి లేబర్ రూములో దొంగతనంగా ఒక చెంబు పనిచేయడం మొదలుపెట్టింది. ఆయా సింహాద్రమ్మ దాన్ని ఇంటి నుంచి టిఫిను క్యారియరు సంచిలో పెట్టుకుని తెచ్చేది. పెరటి బోరింగు కొట్టి నీళ్ళు పట్టుకొచ్చేది. దీవెనమ్మ చేతులు చాపితే ఆవిడ పోసేది, గుమ్మం దగ్గర ఇంకో నర్సు కాపలా ఉండేది. సారా కాచేవాళ్ళు కూడా అంత భయం భయంగా ఉండరు. సబ్బు రుద్దేది ఒక చెయ్యి, పోసేది ఒక చెయ్యి, అవతల నొప్పులు పడే మనిషిని పట్టుకోవడానికి మాత్రం చెయ్యి మిగిలేది కాదు.

“ఇలాగైతే ఏదో ఒక రోజు ఏదో ఒక బిడ్డకి నా చేతులతోటే జబ్బంటించి పంపుతాను సార్,” అని ఆవిడ సూపరింటెండెంటు గారి గదిలో గట్టిగానే అంది. “నాకు భయమేస్తోంది.”

భూపతిరాజు గారు చెడ్డవారేం కాదు. ఆ మాట ఆయనకు నిజంగానే తగిలింది. చాలాసేపు పేపరు వెయిటు తిప్పారు. తర్వాత ఆయన మొహం వెలిగింది. ఆఫీసర్ల మొహాలు అలా వెలిగినప్పుడు కిందివాళ్ళు సెలవు పెట్టుకోవడం మంచిది.

“ఇంజనీరింగు పైపు మన చేతిలో లేదు. కానీ సిస్టర్, మెడికల్ పైపు మన చేతిలో ఉంది కదా! స్టోర్సు నిండా రబ్బరు గొట్టాలే. ఒకటి తీసుకుని తగిలించెయ్యండి!”

ఆలోచన వింటే బాగానే ఉన్నట్టు అనిపించింది. స్టోర్సు ఫార్మసిస్టు కామేశం గారికి మాత్రం అలా అనిపించలేదు. ఆయన కళ్ళజోడు పైకెత్తి దీవెనమ్మను చూసి, గొట్టం ఎవరికని అడిగాడు.

“కుళాయికి.”

“ఇన్‌పేషెంటా, అవుట్‌పేషెంటా?”

“కుళాయండీ కామేశం గారూ!”

“అమ్మా, నేను ఇరవయ్యేళ్ళుగా స్టోర్సులో ఉన్నాను. ఒక్క ఆడిట్ అభ్యంతరం లేదు. ఇన్‌పేషెంటు నంబరు లేకుండా ఇక్కణ్ణించి దూది పింజ కూడా బయటికి పోదు. నంబరు తీసుకురండి, గొట్టమేంటి, దాంతోపాటు టేపు కూడా ఇస్తాను.”

సూపరింటెండెంటు గారు కామేశాన్ని మెచ్చుకున్నారు. నిబంధన నిబంధనే కదా, అయితే కుళాయిని చేర్చుకుంటే సరి అన్నారు. మెడికల్ సూపరింటెండెంటుగా ఎవరినైనా చేర్చుకునే విచక్షణాధికారం తనకు ఉందని గుర్తు చేశారు.

అడ్మిషను కౌంటరులో కాస్త ఇబ్బంది ఎదురైంది. ప్రసూతి వార్డులో ఆడవాళ్ళను తప్ప చేర్చుకోరు గనక ‘స్త్రీ’ అని రాశారు. పేరు కుళాయమ్మ. భర్త పేరు లేకపోతే కంప్యూటరు ముందుకు కదలనంది. గుమస్తా బుర్ర గోక్కుని ‘పైపు’ అని కొట్టి, పక్కన ‘ప్రస్తుతం కలిసి ఉండుట లేదు’ అని చేర్చాడు. బాధ ఏమిటన్న చోట ‘నీరు రాకపోవుట’ అని కొట్టాడు. ఆధార్ తర్వాత తెస్తామని దీవెనమ్మ చేత సంతకం పెట్టించుకున్నాడు. నంబరు వచ్చింది, గొట్టం వచ్చింది, మాట ఇచ్చినట్టే టేపు కూడా వచ్చింది.

దీవెనమ్మ వాటిని పట్టుకుని దాదాపు పరిగెత్తుతూ వార్డుకు వచ్చేసరికి బేసిన్ మీద కుళాయి లేదు. ఏడో నంబరు మంచం మీద, ఉతికిన దుప్పటి కప్పుకుని, దిండు మీద తల పెట్టుకుని ఉంది.

“నేనేం చెయ్యను సిస్టరమ్మగారూ,” అంది సింహాద్రమ్మ. “పేషెంటన్నాక మంచమ్మీద ఉండాలి, రౌండ్లకొచ్చే డాక్టరుగారు బేసిన్ల చుట్టూ తిరగరు అన్నారండి పెద్ద డాక్టరుగారు. మనిషిని పెట్టి ఊడదీయించారండి.”

దీవెనమ్మ గొట్టం పట్టుకుని మళ్ళీ ఆయన గదికి వెళ్ళింది.

“గొట్టం వచ్చింది కదా సార్. కుళాయిని తీసుకెళ్ళి బిగించేస్తాను.”

“డిశ్చార్జి కాకుండా పేషెంటు మంచం దిగితే ఎలా సిస్టర్? పారిపోయినట్టు లెక్క. పోలీసులకి చెప్పాలి.”

“అయితే డిశ్చార్జి చెయ్యండి.”

“డిశ్చార్జి చేస్తే గొట్టం స్టోర్సుకి వాపసు ఇచ్చెయ్యాలి కదా?”

దీవెనమ్మ చేతిలోని గొట్టం వంక చూసుకుంది.

“పైగా,” అన్నారాయన మెల్లిగా, మంచి డాక్టరు బంధువులతో మాట్లాడే గొంతుతో, “ఆ పరిస్థితిలో పంపడానికి నా మనసు ఒప్పుకోదు. నయం కాలేదుగా?”

కుళాయమ్మకు వైద్యం మొదలైంది. రోజూ డ్యూటీ డాక్టరు వచ్చి, మంచం చివర నిలబడి, ఫోను చూసుకుంటూ ‘అదే మందు కొనసాగించండి’ అని రాసి వెళ్ళిపోయేవాడు. అది మనిషి కాదని అతను గమనించలేదని చెప్పడం అన్యాయం. గమనించడానికి అతను ఏ మంచం వంకా చూసేవాడు కాదు. ఉదయం పాలూ బ్రెడ్డూ, మధ్యాహ్నం గుడ్డూ అన్నమూ డైటు కాంట్రాక్టరు తప్పకుండా పంపేవాడు. తినని పేషెంటు దొరికిందని అతనికి మహా సంతోషం.

వార్డులో మంచాలు నిండిపోయాయి. అలాంటి సమయంలో లంక ఊళ్ళోంచి వీరవేణి వచ్చింది. తొలిచూలు. పొట్ట ముందుకొచ్చి, కాళ్ళు వాచి, పడవ దిగి ఆటో ఎక్కి వచ్చింది. వెంట అత్తగారు ఆదిలక్ష్మి ఉంది. మంచాల్లేవని కింద చాప వేశారు, సరిగ్గా ఏడో నంబరు మంచం పక్కనే.

ఆదిలక్ష్మి ఆ రోజంతా మంచం వంక చూసింది. మర్నాడు ఉండబట్టలేక దీవెనమ్మను ఆపింది.

“ఆయ్, మేడంగారూ. అడుగుతున్నానని ఏమనుకోకండి. ఆ మంచమ్మీదున్నదానికి ఎన్నో నెలండి?”

దీవెనమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళి, కడుపుతో ఉన్న పిల్ల నేల మీద పడుకుంది, మంచం ఇప్పించమని అడిగింది.

“ఎవరు ముందు చేరారు?” అన్నారాయన.

“కుళాయి.”

“మరి? ధర్మాసుపత్రి సిస్టర్ ఇది. పలుకుబడి ఉన్నవాళ్ళకి ఒక రూలు, నోరులేనివాళ్ళకి ఒక రూలు పెట్టలేం.”

నోరులేని ఆ జీవి పాలూ గుడ్డూ మాత్రం సింహాద్రమ్మ తీసి వీరవేణికి పెట్టేది. “తినవే తల్లీ. అది అడగదులే,” అనేది. ఆ ఆసుపత్రిలో కుళాయి వల్ల ఒకరికి జరిగిన మేలు అదొక్కటే.

ఇంతలో రాజధాని నుంచి వీడియో సమావేశం వచ్చింది. మడుగులంక ప్రసూతి వార్డులో ఒక స్త్రీ ఇన్నాళ్ళుగా ప్రసవించకుండా, డిశ్చార్జి కాకుండా ఎందుకు ఉందని తెర మీంచి ఎవరో గద్దించారు. భూపతిరాజు గారికి చెమటలు పట్టాయి. అలాంటప్పుడు ఏరియా ఆసుపత్రులకు అనాదిగా తెలిసిన వైద్యం ఒకటుంది. ఆయన కలం తీసి, ‘మెరుగైన వైద్యం నిమిత్తం పెద్దాసుపత్రికి రిఫర్ చేయడమైనది’ అని రాసి, ఊపిరి పీల్చుకున్నారు.

మధ్యాహ్నం అంబులెన్సు గుమ్మం ముందు ఆగింది. కుళాయమ్మను స్ట్రెచరు మీద పడుకోబెట్టి, జారిపోకుండా బెల్టు బిగించి, తోడు ఒక నర్సునిచ్చి ఎక్కించారు. డ్రైవరు ఒకసారి పేషెంటును, ఒకసారి కాగితాన్ని చూశాడు. కాగితం మీద ముద్ర ఉంది. సైరను వేసుకుని వెళ్ళిపోయాడు. రోడ్డు మీద జనం పాపం ఎవరో అని పక్కకు తప్పుకున్నారు.

ఏడో నంబరు మంచం ఖాళీ అయింది. వీరవేణిని ఎక్కించి నడుం వాల్చనిచ్చారో లేదో నొప్పులు పట్టుకున్నాయి. దీవెనమ్మ పరీక్ష చేసి, బిడ్డ గుండె చప్పుడు వింది. చప్పుడు తగ్గుతోంది. ఆపరేషను చేసే డాక్టరమ్మ సెలవులో ఉంది. ఈ పిల్లను నిజంగా, ఇప్పటికిప్పుడు, పెద్దాసుపత్రికి పంపాలి.

“అంబులెన్సు!” అని అరిచింది.

“లేదండి,” అంది సింహాద్రమ్మ. “కుళాయిని తీసుకెళ్ళిందండి.”

ఫోను చేస్తే అవతలి నుంచి తీయటి గొంతు సమాధానం ఇచ్చింది. వాహనం అత్యవసర కేసులో ఉంది, దయచేసి లైనులో ఉండండి అంది. దీవెనమ్మ లైనులో ఉండలేదు. ఫోను బల్ల మీద పడేసి, “చెంబు తే!” అంది. ఇక గుమ్మంలో కాపలా లేదు, దొంగచాటు లేదు. మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. ఆదిలక్ష్మి కోడలి తల పట్టుకుని ఉన్న దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తోంది. దీవెనమ్మ తన ప్రభువును పిలుచుకుంది. బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుని ఉంది. వేలు దూర్చి మెల్లిగా తప్పించింది. నీలంగా బయటపడ్డ ఆ పిల్ల కదల్లేదు, మెదల్లేదు. వీపు రుద్దుతూ, ఊపిరి ఊదుతూ, “ఏడవవే నా తల్లీ, ఏడువు, ఏడవ్వే!” అని ఆవిడే ఏడ్చింది. అప్పుడు ఆ పిల్ల కేర్‌మంది. సింహాద్రమ్మ చెంబు పట్టుకునే నేల మీద కూలబడింది.

అదే సమయానికి పెద్దాసుపత్రిలో కుళాయమ్మను దించారు. అక్కడి డాక్టరుకు చేతినిండా పని. నాడి చూశాడు, లేదు. శ్వాస చూశాడు, లేదు. చేర్చుకుంటే చావు తమ లెక్కలో పడుతుందని ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ‘దారిలోనే మరణించినది’ అని రాసి అదే బండిలో తిప్పి పంపాడు. పోస్టుమార్టంలో మరణ కారణం కూడా తేలింది. ఒంట్లో చుక్క నీరు లేదు.

ప్రసూతి వార్డులో చావు! దానికంటే ఘోరం ఇంకోటి లేదు. బతికిన వీరవేణి గురించీ, బతికిన ఆమె కూతురి గురించీ ఎవరూ అడగలేదు, బతికినవాళ్ళ మీద విచారణ వేసే పద్ధతి లేదు. కుళాయమ్మ మీద మాత్రం రాజధాని నుంచి విచారణ సంఘం కార్లలో దిగింది. అధ్యక్షుల వారు వార్డులోనే కుర్చీ వేయించుకున్నారు. పక్కన గుమస్తా కలం తీశాడు.

“మృతురాలు ఎన్నాళ్ళు మీ సంరక్షణలో ఉంది?”

“అది కుళాయండి,” అంది దీవెనమ్మ.

“పేరు రికార్డులో ఉంది. అడిగినదానికి సూటిగా జవాబివ్వండి. ఒంట్లో నీరు తగ్గుతోందని మీకు తెలుసా?”

“తెలుసండి. మొదట్నించీ అదే మొత్తుకుంటున్నాను. జానెడు పైపు వేయించమని కనబడ్డ ప్రతివాళ్ళనీ అడిగాను.”

“రాసుకో. నీరు తగ్గుతోందని తెలిసీ ఉపేక్షించారు.” ఆయన ముందుకు వంగారు. గొంతు తగ్గించారు. అసలు ప్రశ్న ఇప్పుడు రాబోతోందని అందరికీ అర్థమైంది. “సిస్టర్. పేషెంటును ముట్టుకునే ముందు మార్గదర్శకాల ప్రకారం మీరు కుళాయి కింద చేతులు కడుక్కున్నారా, లేదా?”

దీవెనమ్మ ఆయన్ని చూసింది. గోడకు ఆనుకుని నిలబడి ఎవరినీ చూడకుండా ఉన్న భూపతిరాజు గారిని చూసింది. నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ లేనంత కోపం వచ్చింది.

“పేషెంటే కుళాయి కదండీ! ఏ కుళాయి కింద కడుక్కోమంటారు?”

“అవునా, కాదా?”

“కాదు.”

“రాసుకో. నేరం అంగీకరించారు.”

లోపల లేబర్ రూములో ఎవరో కెవ్వుమని అరిచారు. సింహాద్రమ్మ తలుపులోంచి తొంగిచూసి, “సిస్టరమ్మగారూ, తల కనబడతందండి!” అంది. దీవెనమ్మ లేచింది.

“కూర్చోండి! విచారణ ముగియలేదు!”

“ఆ బిడ్డ కూర్చోదండి,” అని దీవెనమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు బార్లా తెరిచే ఉంది. ఆవిడ రెండు చేతులూ చాపింది. సింహాద్రమ్మ పోసింది. సబ్బు నురగ మోచేతుల దాకా పట్టించి, గోళ్ళ సందులు రుద్ది, తొందర లేకుండా కడుక్కుంటోంది.

అధ్యక్షుల వారు కుర్చీలోంచి సగం లేచి, మెడ చాచి చూశారు. ఆయన మొహంలో పని సఫలమైన తృప్తి కనిపించింది.

“రాసుకోవయ్యా,” అన్నారు గుమస్తాతో. “సంఘం సమక్షంలోనే నిషేధిత చెంబుతో చేతులు కడుగుకొనుచు పట్టుబడినది.”